టాటూ ఆర్టిస్ట్‌కు టిప్ ఇవ్వాలా? ఇస్తే ఆ డబ్బు ఎవరికి చేరుతుంది?

మూడు గంటలు కదలకుండా కూర్చున్నాక ముంజేతి మీద నెమలి పూర్తయింది. ఆర్టిస్ట్ చివరిసారి తుడిచి, పైన పల్చటి ఫిల్మ్ అతికించి, రెండు వారాలు ఎలా చూసుకోవాలో చెప్పారు. కౌంటర్ దగ్గర బిల్లు రూ.10,000. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి డబ్బు కట్టేశాక చాలామందిలో ఒక సందేహం మొదలవుతుంది. ఇంతసేపు వంగి కూర్చుని పని చేసిన మనిషికి విడిగా ఏమైనా ఇవ్వాలా? ఇస్తే తక్కువైందని అనుకుంటారా? ఇవ్వకపోతే పిసినారి అనుకుంటారా? అసలు ఒక కళాకారుడికి టిప్ ఇవ్వడం మర్యాదేనా?

హోటల్లో వెయిటర్‌కు, ఇంటికి భోజనం తెచ్చిన డెలివరీ బాయ్‌కి ఎంత ఇవ్వాలో మనకు ఒక అలవాటు ఉంది. టాటూ స్టూడియోలు మన నగరాల్లో విస్తరించింది ఈ మధ్యే కాబట్టి, అక్కడ ఏది మర్యాదో ఇంకా స్థిరపడలేదు. దానికి తోడు అమెరికా వాళ్ల కోసం చేసిన వీడియోలు చూసి '20 శాతం ఇవ్వడం రూల్' అనుకునేవారూ ఉన్నారు.

భారత్‌లో అలాంటి రూల్ ఏదీ లేదు. ఇవ్వాలా వద్దా అని తేల్చుకునే ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. మీరు కట్టిన బిల్లులో ఆ ఆర్టిస్ట్ చేతికి వెళ్లేది ఎంత?

బిల్లులో ఎవరి వాటా ఎంత?

ఒకే వీధిలో పక్కపక్కనే ఉన్న రెండు స్టూడియోల్లో కూడా ఈ లెక్క వేరుగా ఉండొచ్చు. స్థూలంగా చూస్తే నాలుగు పద్ధతులు కనిపిస్తాయి.

మొదటిది, టాటూ వేసిన వ్యక్తే స్టూడియో యజమాని. అద్దె, కరెంటు, సూదులు, ఇంకుల ఖర్చు పోగా మిగిలేదంతా ఆయనదే లేదా ఆమెదే. ధర నిర్ణయించేది కూడా వాళ్లే.

రెండోది, వాటా పద్ధతి. ఆర్టిస్ట్ తెచ్చిన పనిలో కొంత శాతం స్టూడియోకి, మిగతాది ఆర్టిస్ట్‌కి. సగం సగం ఉండొచ్చు, ఎక్కువ తక్కువలు ఉండొచ్చు. వేరే ఊరి నుంచి కొద్ది రోజుల కోసం వచ్చి పనిచేసే 'గెస్ట్ ఆర్టిస్ట్'లు సాధారణంగా ఈ పద్ధతిలోనే పనిచేస్తారు.

మూడోది, నెల జీతం. ఆ రోజు ఒక టాటూ వేసినా నాలుగు వేసినా జీతం మారదు. కొన్నిచోట్ల దానికి తోడు చిన్న ప్రోత్సాహకం ఉంటుంది.

నాలుగోది, పని నేర్చుకుంటున్న అప్రెంటిస్. వీళ్లకు జీతం నామమాత్రంగా ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు. నేర్చుకోవడానికి వీళ్లే ఎదురు ఫీజు కట్టే చోట్లు కూడా ఉన్నాయి. స్టెన్సిల్ సిద్ధం చేయడం, కుర్చీ తుడిచి ప్లాస్టిక్ చుట్టడం, వాడేసిన సూదులను డబ్బాలో వేయడం లాంటి పనులు తరచూ చేసేది వీళ్లే.

రూ.10,000 బిల్లు మీద రూ.1,000 టిప్ ఇచ్చారనుకుందాం. మీకు అది బిల్లులో 10 శాతం. సగం వాటా మీద పనిచేసే ఆర్టిస్ట్‌కు ఆ టాటూ మీద వచ్చేది రూ.5,000. కాబట్టి మీ వెయ్యి ఆ సంపాదనకు మరో 20 శాతం కలుపుతుంది. నెల జీతం తీసుకునే వ్యక్తికైతే అది ఆ రోజు జీతం కన్నా ఎక్కువే కావచ్చు. యజమానే ఆర్టిస్ట్ అయితే, ఆ వెయ్యి కావాలనుకుంటే ముందే ధరలో కలుపుకొని ఉండేవారు.

అందుకే 'ఎంత శాతం?' అన్న ప్రశ్న కన్నా ముందు 'ఎవరికి?' అన్న ప్రశ్న రావాలి.

బేరమాడి టిప్ ఇస్తే ఏమవుతుంది?

మన దగ్గర చాలాచోట్ల జరిగేది ఇదే. ముందు ధర చెప్పగానే 'కొంచెం చూసి వేసుకోండి' అంటూ బేరం మొదలవుతుంది. పదివేలు చెప్పిన పనిని ఎనిమిది వేలకు ఒప్పించి, చివర్లో పని నచ్చి రూ.500 చేతిలో పెడతారు.

లెక్క చూస్తే, సగం వాటా ఉన్న ఆర్టిస్ట్‌కు రూ.5,000 రావాల్సిన చోట రూ.4,000 వచ్చింది. టిప్‌తో కలిపి రూ.4,500. ఇచ్చినవారికి ఉదారంగా ఇచ్చామన్న తృప్తి ఉంటుంది. పుచ్చుకున్నవారికి రూ.500 తగ్గింది.

మిగతా బేరాలకు, దీనికి ఒక తేడా కూడా ఉంది. ధర తగ్గినప్పుడు తగ్గేది లాభం ఒక్కటే కాకపోవచ్చు. ఒకసారి వాడి పారేసే సూది, ప్రతి కస్టమర్‌కూ కొత్త గ్లోవ్స్, చిన్న కప్పులో విడిగా పోసిన ఇంకు, ఇవన్నీ ఖర్చులే. సూది మళ్లీ వాడితే హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్‌ఐవీ లాంటివి ఒకరి నుంచి మరొకరికి సోకే ప్రమాదం ఉంటుంది. ఇంకు విషయంలోనూ ఆందోళనలు ఉన్నాయి. పరీక్షించిన టాటూ ఇంకుల్లో 22 రకాల లోహాలు కనిపించాయని, వీటికి ప్రమాణాలు నిర్ణయించాలని కేంద్రాన్ని కోరతామని కర్ణాటక ఆరోగ్య మంత్రి దినేశ్ గుండూరావు 2025 ఫిబ్రవరిలో చెప్పారు.

జాతరలో బ్యాటరీ మెషీన్‌తో అక్షరానికి ఇంత అని వేసే చోట తక్కువ ధర ఎలా సాధ్యమవుతోందో అడగాల్సిందే. బాగా పనిచేసే స్టూడియోలో ఆ ఖర్చును చివర్లో ఇచ్చే టిప్ భర్తీ చేయదు. ముందుగా ఒప్పుకునే సరైన ధరే దాన్ని భరిస్తుంది.

అమెరికాలో ఎందుకు ఇస్తారు?

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో చదువుకునే తెలుగు విద్యార్థి మొదటి టాటూ వేయించుకోవడానికి వెళ్తే, అక్కడి స్నేహితులు ముందుగా చెప్పేది టిప్ గురించే. 15 నుంచి 20 శాతం మామూలు, పని చాలా నచ్చితే 25 శాతం. ఆర్టిస్ట్ 400 డాలర్లు చెబితే 20 శాతం లెక్కన 80 కలిపి 480 సిద్ధం చేసుకోవాలి. బడ్జెట్ 400 మాత్రమే అయితే, టిప్‌తో కలిపి అందులో సరిపోయేలా చిన్న డిజైన్ ఎంచుకోమని సలహా ఇస్తారు.

దీనికి కారణం తక్కువ జీతాలేనని చాలామంది అనుకుంటారు. వెయిటర్ల విషయంలో అది నిజం. టిప్‌లు వచ్చే ఉద్యోగులకు యజమాని నేరుగా ఇవ్వాల్సిన కనీస వేతనం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం గంటకు 2.13 డాలర్లే. 1991 నుంచి అది మారలేదు. టిప్‌లు కలిపినా సాధారణ కనీస వేతనమైన 7.25 డాలర్లకు చేరకపోతే, మిగతాది యజమాని భర్తీ చేయాలి. చాలా రాష్ట్రాలు ఇంతకన్నా ఎక్కువ వేతనాలు నిర్ణయించుకున్నాయి.

టాటూ ఆర్టిస్టుల్లో ఎక్కువ మంది మాత్రం ఉద్యోగులు కారు. షాపులో కుర్చీకి అద్దె కట్టి, లేదా సంపాదనలో 40 నుంచి 50 శాతం షాపుకిచ్చి సొంతంగా పనిచేస్తారు. ఆరోగ్య బీమా, పన్నులు, సెలవు పెడితే పోయే ఆదాయం అన్నీ వాళ్ల నెత్తినే. క్షురకులకు, బ్యూటీషియన్లకు టిప్ ఇచ్చే అలవాటు అక్కడ ముందు నుంచీ ఉంది. అదే టాటూ కుర్చీకీ వచ్చింది.

ఈ ఆదాయాన్ని అమెరికా ప్రభుత్వం కూడా గుర్తించింది. 2025లో వచ్చిన కొత్త పన్ను చట్టం ప్రకారం, టిప్‌లు మామూలుగా వచ్చే వృత్తుల్లో ఉన్నవారు ఏడాదికి 25,000 డాలర్ల వరకు టిప్ ఆదాయానికి ఫెడరల్ ఆదాయ పన్ను మినహాయింపు కోరవచ్చు. 2025 నుంచి 2028 వరకు ఇది వర్తిస్తుంది. ఆదాయం 1,50,000 డాలర్లు దాటిన వ్యక్తులకు ఈ మినహాయింపు క్రమంగా తగ్గుతుంది. ఏయే వృత్తులకు వర్తిస్తుందో ట్రెజరీ శాఖ విడుదల చేసిన జాబితాలో టాటూ ఆర్టిస్టులు కూడా ఉన్నారు. కస్టమర్ తన ఇష్టంతో ఇచ్చిన దాన్నే టిప్‌గా లెక్కిస్తారు, బిల్లులో తప్పనిసరిగా కలిపిన చార్జీకి ఈ మినహాయింపు లేదు.

అంటే అమెరికాలో కూడా టాటూకు టిప్ చట్టం కాదు, ఆచారం. అయితే అది ఎంత బలంగా నాటుకుపోయిందంటే, ఇవ్వకపోతే పని నచ్చలేదేమోనని ఆర్టిస్ట్ అనుకునే అవకాశం ఉంది. జపాన్‌లో అందుకు పూర్తిగా భిన్నం. అక్కడ సాధారణంగా ఏ సేవకూ టిప్ ఇచ్చే అలవాటు లేదు. కాబట్టి ఏ దేశంలో వేయించుకుంటే ఆ దేశపు పద్ధతి పాటించడం మంచిది.

పచ్చబొట్టుకు మన దగ్గర ఏమిచ్చేవారు?

టాటూ స్టూడియో మనకు కొత్త కావచ్చు, పచ్చబొట్టు కొత్త కాదు. తెలుగు పల్లెల్లో సోది చెబుతూ, పచ్చబొట్లు పొడుస్తూ తిరిగిన ఎరుకల మహిళలు ఒక తరం ముందువారికి బాగా గుర్తు. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌ ప్రాంతాల్లో బైగా గిరిజన మహిళలకు 'గోద్నా' పొడిచేది బాది సముదాయానికి చెందిన స్త్రీలు.

ఈ పనికి డబ్బుతో పాటు ధాన్యం రూపంలోనూ ప్రతిఫలం ఉండేది. ఊళ్లో స్థిరంగా ఉండి పనిచేసే చాకలి, మంగలి లాంటి వృత్తులవారికి పంట నూర్చే కళ్లం దగ్గర ఏడాదికింతని 'మేర' కొలిచేవారు. ఊరూరా తిరిగేవాళ్లకు ఆ హక్కు ఉండేది కాదు. గడప దగ్గర ఏది దొరికితే అదే. అందులో ఏది కూలి, ఏది కానుక, ఏది దయ అని విడదీసి చెప్పడం కష్టం.

ఇప్పటి ఇబ్బందికి మూలం కూడా కొంత ఇక్కడే ఉంది. మన దగ్గర పనికిచ్చే డబ్బుకు మనిషిని బట్టి పేరు మారుతుంది. పురోహితుడికిస్తే సంభావన, పండక్కి ఇస్తే మామూలు, పై నుంచి కిందకు ఇస్తే బక్షీస్. డాక్టరుకు, చిత్రకారుడికి టిప్ ఇవ్వం. జుట్టు కత్తిరించిన వ్యక్తికి ఇస్తాం. టాటూ ఆర్టిస్ట్ ఈ రెంటికీ మధ్యలో ఉన్నారు. శరీరాన్ని తాకి చేసే సేవ అది, అదే సమయంలో చేతి గీత మీద బతికే కళ. అందుకే నోటు మడిచి బక్షీస్‌లా చేతిలో పెడితే చిన్నబుచ్చుకునే ఆర్టిస్టులూ ఉంటారు, అదే డబ్బును 'నాకు చాలా నచ్చింది, ఇది మీకు' అని ఇస్తే సంతోషంగా తీసుకునేవారూ ఉంటారు.

స్టూడియోనే బిల్లులో కలిపేస్తే?

టిప్‌కు, సర్వీస్ చార్జికి తేడా గుర్తుంచుకోవాలి. టిప్ కస్టమర్ ఇష్టం. సర్వీస్ చార్జిని బిల్లులో వేసేది వ్యాపారి.

హోటళ్లు, రెస్టారెంట్లు బిల్లులో తమంతట తాముగా సర్వీస్ చార్జి కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ సీసీపీఏ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. వేరే పేరుతోనూ వసూలు చేయకూడదని చెప్పింది. రెస్టారెంట్ల సంఘాలు దీన్ని కోర్టులో సవాలు చేయగా, 2025 మార్చి 28న దిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి ఆ పిటిషన్లను కొట్టివేసి, మార్గదర్శకాలను సమర్థించారు. సంఘాలు దానిపై అప్పీలుకు వెళ్లాయి.

ఈ మార్గదర్శకాలు హోటళ్లు, రెస్టారెంట్ల కోసం ఇచ్చినవి, టాటూ స్టూడియోల పేరు వాటిలో లేదు. అయితే ముందు చెప్పని చార్జీని చివర్లో బిల్లులో చూస్తే అదేంటని అడిగే హక్కు ఏ వినియోగదారుడికైనా ఉంటుంది. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

2025లో క్యాబ్ యాప్‌ల 'ముందస్తు టిప్' వివాదం కూడా ఇలాంటిదే. కారు త్వరగా దొరకాలంటే ముందే టిప్ ఇవ్వమని అడగడం అనైతికమని కేంద్ర మంత్రి ప్రహ్లాద్ జోషి విమర్శించారు. సేవ పూర్తయ్యాక, సంతోషంతో ఇచ్చేదే టిప్ అన్నది ఆయన వాదన. టాటూకూ అది వర్తిస్తుంది. బుకింగ్ సమయంలో స్టూడియో తీసుకునే అడ్వాన్స్ మాత్రం టిప్ కాదు. అది మీ కోసం కేటాయించిన సమయానికి, డిజైన్ గీయడానికి పట్టే శ్రమకు హామీ. సాధారణంగా చివరి బిల్లులో దాన్ని మినహాయిస్తారు. చెప్పకుండా మానేస్తే తిరిగి ఇవ్వరు.

టిప్ మీద పన్ను ఉంటుందా?

కార్డు ద్వారా వచ్చిన టిప్‌లను హోటల్ యాజమాన్యం సిబ్బందికి పంచితే, అది జీతం కిందకు వస్తుందా అన్న వివాదం ఐటీసీ కేసులో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ డబ్బు కస్టమర్ ఇచ్చింది, యజమాని ఇచ్చింది కాదు కాబట్టి జీతం కాదని, దానిపై యజమాని టీడీఎస్ కోయాల్సిన అవసరం లేదని 2016 ఏప్రిల్‌లో కోర్టు తీర్పునిచ్చింది. అలాగని పన్ను లేని సొమ్ము కాదు. అందుకున్న ఉద్యోగి చేతిలో అది 'ఇతర వనరుల ఆదాయం' అవుతుంది. సొంతంగా పనిచేసే టాటూ ఆర్టిస్ట్‌కైతే వృత్తి ఆదాయంలో భాగమే.

కస్టమర్ వైపు నుంచి ఈ తీర్పులో గమనించాల్సింది ఒకటుంది. టిప్ కస్టమర్‌కు, పనిచేసిన మనిషికి మధ్య వ్యవహారం. యజమాని చేతిలో అది కాసేపు ఆగినా, చేరాల్సింది ఆ మనిషికే.

ఇవ్వాలనుకుంటే ఎంత, ఎలా?

మొదట, ధర ముందే మాట్లాడుకోండి. చదరపు అంగుళం లెక్కనా, గంట లెక్కనా, మొత్తం పనికా? జీఎస్టీ కలిపే చెప్పారా? మానాక రంగు తేలిన చోట చేసే టచప్ ఉచితమేనా? ఇవి తేలాక, బడ్జెట్ సరిపోకపోతే ధర తగ్గించమని అడగడం కన్నా డిజైన్ చిన్నది చేయమని అడగడం మంచిది.

యజమానే టాటూ వేస్తే టిప్ అవసరం లేదు. ఒప్పుకున్న మొత్తం పూర్తిగా, సమయానికి ఇస్తే చాలు. వాటా మీద లేదా జీతం మీద పనిచేసే ఆర్టిస్ట్ అయితే, మీకు భారం కానంత ఇవ్వొచ్చు. పెద్ద బిల్లులకు శాతం లెక్క వేసుకోవాల్సిన పని లేదు. మన దగ్గర 20 శాతాన్ని ఎవరూ ఆశించరు. 5 నుంచి 10 శాతం ఇస్తే గౌరవంగానే ఉంటుంది.

సహాయకులను మరవకండి. మీ కోసం రెండుసార్లు స్టెన్సిల్ మార్చిన అప్రెంటిస్‌కు ఇచ్చే రెండు వందలు, యజమానికి ఇచ్చే వెయ్యి కన్నా ఎక్కువ ఉపయోగపడొచ్చు.

కౌంటర్‌లోని క్యూఆర్ కోడ్‌కు టిప్ కలిపి కొడితే అది స్టూడియో ఖాతాలో పడుతుంది. అక్కడి నుంచి ఆర్టిస్ట్‌కు చేరుతుందో లేదో మీకు తెలియదు. స్కాన్ చేయగానే స్క్రీన్ మీద కనిపించే పేరు చూడండి. ఆర్టిస్ట్‌కే ఇవ్వాలనుకుంటే నగదు ఇవ్వొచ్చు, లేదా వాళ్ల సొంత యూపీఐకి పంపొచ్చు.

రెండు మూడు విడతలుగా సాగే పెద్ద టాటూకు ప్రతిసారీ ఇవ్వక్కర్లేదు, చివరి రోజు ఇస్తే చాలు. అయితే విడతకో ఆర్టిస్ట్ మారితే ఏ రోజుది ఆ రోజే ఇవ్వడం మేలు. ఉచితంగా టచప్ చేసినప్పుడు చిన్న మొత్తమైనా ఇవ్వడం మర్యాద. ఆ గంటకు వాటా ఆర్టిస్ట్‌కు ఏమీ రాకపోవచ్చు.

ఇవ్వనక్కర్లేని సందర్భాలూ ఉన్నాయి. కొత్త సూది ప్యాకెట్ మీ ముందు తెరవలేదు, పేరులో అక్షరం తప్పు పడింది, ముందు చెప్పిన ధర చివర్లో పెరిగింది. ఇలాంటప్పుడు మొహమాటానికి టిప్ ఇవ్వొద్దు. అక్కడ మాట్లాడాల్సింది తప్పు గురించి.

డబ్బు లేకపోతే?

కాలేజీ విద్యార్థి ఎన్నో నెలలు దాచుకుని వేయించుకున్న టాటూకు టిప్ ఇవ్వలేకపోతే సిగ్గుపడాల్సిన పని లేదు. టాటూ ఆర్టిస్ట్‌కు కొత్త పని ఎక్కువగా వచ్చేది పాత పని చూసే. నెల తర్వాత, బాగా మానిన టాటూను మంచి వెలుతురులో ఫొటో తీసి పంపితే ఆర్టిస్ట్‌కు అది చాలా విలువైనది. అప్పుడే వేసిన టాటూ ఫొటోలు వాళ్ల దగ్గర బోలెడుంటాయి, మానాక గీత ఎలా నిలిచిందో చూపే ఫొటోలు తక్కువ. సోషల్ మీడియాలో పెట్టేటప్పుడు స్టూడియో పేరుతో పాటు వేసిన వ్యక్తి పేరు కూడా రాయాలి. స్టూడియో మారినా ఆ పేరు వాళ్లతోనే వెళ్తుంది.

అనుకున్న సమయానికి రావడం, కడుపు నిండా తిని రావడం, వాళ్లు గీసిన డిజైన్‌ను వేరే చోటకు పట్టుకెళ్లి చవగ్గా వేయించుకోకపోవడం కూడా ఈ మర్యాదలో భాగమే. వీటికి పైసా ఖర్చు లేదు.

ఆ నెమలి టాటూ దగ్గరికే వస్తే, చెప్పిన పదివేలూ బేరం లేకుండా కట్టినవారు ఇవ్వాల్సింది ఇచ్చేసినట్టే. ఆ పైన ఇంకేమైనా ఇవ్వాలనిపిస్తే, కౌంటర్ దగ్గర ఆగకుండా, గ్లోవ్స్ తీసి చేతులు కడుక్కుంటున్న మనిషి దగ్గరికి వెళ్లి ఇవ్వడం మంచిది.